పంపు హన్మాండ్లు

మా క్యాంపులో హన్మాండ్లు అనే పేరున్నవాళ్ళు ముగ్గురుండేవారు. క్రేను దగ్గర పనిచేసే అతన్ని క్రేను హన్మాండ్లు అనేవాళ్ళం. పొట్టిగా ఉండే అతను పొట్టి హన్మాండ్లు. మూడో అతను పంపు హన్మాండ్లు. నేను చెప్పేది ఈ మూడో మనిషి గురించి.

అతనిది మెట్‌పల్లి తాలూకాలో ఓ పల్లె. డెబ్బై ఆరులో భార్య లింగవ్వని ఊళ్ళో వదిలి బొంబాయి మీదుగా దుబాయ్ వచ్చాడు. అప్పటికి ముప్ఫై రెండేళ్ళు. అదే ఏడాది నేను అమలాపురం నుంచి వచ్చి అదే కంపెనీలో టైమ్‌కీపరుగా చేరాను. నా పేరు అంజిబాబు. జబల్ అలీ వైపు కొత్త రేవు పనులు జరుగుతున్న రోజులవి. మా కంపెనీ గోడౌన్లు, గోడలు, రోడ్లు కట్టేది. ఊరికి దూరంగా ఇసుకలో క్యాంపు. తొమ్మిది వరసల ప్లైవుడ్ గదులు, వెయ్యిమందికి పైగా మనుషులు. పొద్దున్న నాలుగున్నరకి బస్సులు కదిలేవి. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఎవరికీ మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

హన్మాండ్లుని నీళ్ళ మీద వేశారు. క్యాంపులో రెండు ట్యాంకులుండేవి. ఒకటి ఉప్పునీళ్ళది, కాంక్రీటుకీ కడుగుళ్ళకీ. రెండోది తాగేనీళ్ళది, అందరూ మీఠా పానీ అనేవారు. తాగేనీళ్ళు జానీ బాషా ట్యాంకర్ లారీలో ఎక్కణ్ణుంచో రోజూ తెచ్చి పోసేవాడు. అతనిది నెల్లూరు. ఆ నీళ్ళతో జనం బట్టలుతుక్కుంటున్నారని క్యాంపు బాసు సనావుల్లా సాబ్ ట్యాంకు వాల్వుకి తాళం వేయించాడు. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తీయాలి. తాళంచెయ్యి హన్మాండ్లు దగ్గర. అతను దాన్ని మొలతాడుకి కట్టుకునేవాడు.

డెబ్బై ఏడు జూన్‌లో నాలుగో వరస తగలబడింది. పగలు పదకొండయింది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన ఎవరో కిరసనాయిలు స్టవ్ మీద అన్నం పెట్టుకుంటుంటే స్టవ్ భగ్గుమంది. ప్లైవుడ్డు, లోపల స్పాంజి పరుపులు. ఆ పక్క గదిలో పోశయ్య జ్వరంతో పడుకుని ఉన్నాడు. పోశయ్యదీ హన్మాండ్లుదీ ఒకే ఊరు. ఒకే ఏజెంటు పంపిన మనుషులు. ఉన్న కొద్దిమందీ ఉప్పునీళ్ళ ట్యాంకుకి పరిగెత్తారు. అందులో చుక్క లేదు, పొద్దున్నే సైటుకి తోడేశారు. తాగేనీళ్ళ ట్యాంకు నిండుగా ఉంది, తాళం వేసి ఉంది. గడ్డపార తెచ్చి తాళం పగలగొట్టేసరికి నాలుగో వరసలో మూడు గదులు మిగిలాయి.

హన్మాండ్లు ఆ పూట క్యాంపులో లేడు. జానీ బాషా క్లీనరు రాలేదని సనావుల్లా సాబ్ అతన్ని ట్యాంకరుతో పంపాడు. తిరిగి వస్తూ దూరం నుంచే పొగ చూశారట. లారీ ఆగీ ఆగకముందే హన్మాండ్లు దూకి, మొలతాడు నుంచి తాళంచెయ్యి తెంపి చేత్తో పట్టుకుని ట్యాంకు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ వాల్వు తెరిచే ఉంది, నీళ్ళు ఇసుకలోకి పోతున్నాయి. పోశయ్యని అప్పటికే దుప్పట్లో చుట్టి బయట పెట్టారు.

అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. తాళం వెయ్యమన్నది అతను కాదు. ట్యాంకరెక్కమన్నదీ పైవాళ్ళే. కంపెనీకి రిపోర్టు నేనే టైపు చేశాను. స్టవ్ వల్ల అని రాశాను. తాళం సంగతి అందులో లేదు. రాయమని నాకెవరూ చెప్పలేదు, నేనూ రాయలేదు.

ఆ చలికాలంలో పెద్ద ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది, క్యాంపుకి సొంతంగా మంటలార్పే బృందం ఉండాలని. ప్రభుత్వం ఫైరింజన్లు దుబాయ్ ఊళ్ళోని డేరా పేట నుంచి రావాలి, ఎంత తొందరగా వచ్చినా గంట. తప్పు వాళ్ళది కాదు, దూరం అంత. జీతం లేకుండా, డ్యూటీ అయ్యాక చేసేవాళ్ళు పన్నెండుమంది కావాలన్నారు. మెస్సు ముందు నిలబెట్టి సనావుల్లా సాబ్ అడిగాడు. మొదట చెయ్యెత్తినవాడు హన్మాండ్లు. రెండో చెయ్యి జానీ బాషాది. నేనూ ఎత్తాను, టైమ్‌కీపరు రిజిస్టరు రాయాలి కదా అని.

సామాను లారీలో వచ్చింది. షార్జాలో బ్రిటిషు సైన్యం వదిలేసి పోయిన వాటిల్లోంచి కొన్నారన్నారు. రెండు చక్రాల మీద ఓ పెట్రోలు పంపు, లారీ వెనక తగిలించుకుని లాక్కుపోయేది. పైన ఎర్రరంగు పెచ్చులూడితే కింద సైన్యం ఆకుపచ్చ కనిపించేది. ముందు హ్యాండిలు తిప్పి స్టార్టు చెయ్యాలి. అది వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. ఆరు గుడ్డ గొట్టాలు, రెండు ఇత్తడి నాజిళ్ళు, నీళ్ళు పీల్చడానికి తొడంత లావు రబ్బరు గొట్టం, దాని చివర చెత్త పోకుండా ఇనుప జల్లెడ. పన్నెండు జతల గమ్‌బూట్లు, ఎనిమిది మందపాటి కోట్లు. నలభై ఎర్ర బకెట్లు వరసల మధ్య ఇసుక నింపి వేలాడదీశాము. నెల తిరిగేసరికి సగం బకెట్లు స్నానాల గదుల్లో ఉన్నాయి, మిగతా సగంలో బీడీ ముక్కలు.

షెడ్డు మేమే కట్టాం, రెండు శుక్రవారాలు పట్టింది. పాత ప్లైవుడ్డు, పైన రేకులు. తడిసిన గొట్టాలు ఆరబెట్టకపోతే కుళ్ళిపోతాయి. అందుకని పరంజా గొట్టాలు ఒకదాని మీద ఒకటి బిగించి ఇరవై అయిదడుగుల స్తంభం నిలబెట్టారు మేస్త్రీలు. దాని మీద జనం లుంగీలు ఆరేసుకునేవాళ్ళు. గంటకి బదులు క్రేను నడిచే ఇనుప పట్టా ముక్క ఒకటి వేలాడదీశాం, సుత్తితో కొడితే తొమ్మిదో వరసదాకా వినబడేది. బోర్డు మూడు భాషల్లో ఉండాలన్నారు. తెలుగు నేను రాశాను, అగ్నిమాపక దళం అని. హన్మాండ్లు దాన్ని కాసేపు చూసి, "గదేం రాసినవ్ సారు" అన్నాడు. చెప్పాను. "మంటలార్పేటోళ్లు అని రాయరాదు. సదివిన మనిషికి తెల్వాలె గద" అన్నాడు. రంగు అయిపోయింది, అలాగే ఉండిపోయింది.

ప్లాంటు ఇంజనీరు మూడు శుక్రవారాలు నేర్పాడు. తర్వాత అతను బదిలీ అయి వెళ్ళిపోయాడు. పంపు బాధ్యత హన్మాండ్లు మీద పడింది. అతనికి చదువు రాదు. ఇంజనీరు చెప్పిన వరస మాత్రం ఒక్కటి తప్పకుండా గుర్తుపెట్టుకున్నాడు. పెట్రోలు, నూనె, పీల్చే గొట్టం బిగువు, వాల్వు మూత, తర్వాత హ్యాండిలు. ప్రతి శుక్రవారం పొద్దున్న ఆరింటికి షెడ్డు తీసేవాడు. పంపు నడిపి నీళ్ళు చిమ్మి, కట్టేసి, లోపలి నీళ్ళు ఒంపేసి, గ్రీసు పెట్టి, గొట్టాలు స్తంభానికెక్కించి, ఆరినవి దించి చుట్టి పెట్టేవాడు. ఎంత వేగంగా చేసినా నాలుగు గంటల పని. వారానికి ఒకటే సెలవు మాకు. మిగతావాళ్ళు ఆ రోజు బస్సెక్కి బర్ దుబాయ్ పోయి ఊరివాళ్ళని కలుసుకునేవారు, ఉత్తరాలు తెచ్చుకునేవారు, ఇంట్లో వండినట్టుండే కూర తినేవారు.

నేను నాలుగు నెలలు చేశాను. అయిదో నెల నుంచి ఒంట్లో బాగాలేదన్నాను. అతను నమ్మినట్టే తలూపాడు. పన్నెండుమందిలో కొందరు ఇంటికెళ్ళిపోయారు, కొందరు వేరే సైటుకి. వాళ్ళ స్థానంలో పేర్లు రాసేవాణ్ణి, ఆ పేర్లవాళ్ళు వచ్చేవారు కాదు. రిజిస్టర్లో ఎప్పుడు చూసినా పన్నెండుమందే. శుక్రవారం షెడ్డు దగ్గర ముగ్గురు, నలుగురు. ఒక్కోసారి అతనొక్కడే.

డెబ్బై తొమ్మిదిలో రెండు నెలల సెలవు మీద ఊరెళ్ళొచ్చాడు. వచ్చిన వారం నేను ఊరికే షెడ్డు వైపు వెళ్తే గొట్టం చుడుతూ కనిపించాడు. రెండో కొస పట్టుకున్నాను. సగం గొట్టం చుట్టాం. తర్వాత తనే చెప్పాడు, పోశయ్య భార్య బాలవ్వ దగ్గరికి వెళ్ళానని.

"రెండు దినాలు పోలే సారు. మూడోనాడు లింగవ్వ కోపం జేసింది, ఇంటిదాంక అచ్చి ఆమెను సూడకుండ పోతవా అని. పోయిన. గడపల కూసున్న. మంచినీళ్లిచ్చింది. పోశయ్య ఎట్ల సచ్చిండో కంపెనోళ్లు కాయితం పంపిన్రు, స్టవ్ అంటింది అని ఉన్నదట. నీళ్లు లేకుండెనా ఆడ, అని అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"ఉండె, తాళమేసి ఉండె అన్న. తాళంచెయ్యి ఎవలి తాన ఉండె అన్నది. నా తాననే అన్న."

గొట్టం చివర ఇత్తడి జాయింటు తుడిచి పక్కన పెట్టాడు.

"ఏమన్నది?"

"ఏమనలే. చెంబు తీసి లోపట వెట్టింది. నేను లేస్తుంటె అన్నది, ఈ రెండేండ్లల్ల ఈ మాట నిన్నెవలన్న అడిగిన్రా అని. ఎవలడగలే అన్న. నేనన్న అడిగిన గద, ఇగ పో అన్నది."

ఆ కాయితం టైపు చేసిన చేతులు నావే. ఆ మాట నేను అతనితో చెప్పలేదు. మిగతా గొట్టాలు కూడా కలిసి చుట్టాం. తర్వాత కొన్నాళ్ళు నేను మళ్ళీ శుక్రవారాలు వెళ్ళాను, తర్వాత మళ్ళీ మానేశాను.

ఏళ్ళు గడిచాయి. మంటలు పెద్దగా రాలేదు. బీడీ పడి పరుపు కాలడం, మెస్సులో నూనె మూకుడు అంటుకోవడం, ఒకసారి బస్సు ఇంజను. వీటికి పంపు తీసేంత పని కూడా ఉండదు, తడిపిన గోనె చాలు. అయినా ప్రతి వారం అదే పని. ఇసుక గాలి లేచిందంటే పంపు మొత్తం విప్పి తుడవాలి. పీల్చే గొట్టం రబ్బరు ఎండకి పగుళ్ళిస్తే సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి తీగతో కట్టేవాడు. కొత్తది కావాలని నేను మూడుసార్లు కాయితం పెట్టాను. నాలుగోసారి పెట్టలేదు. లింగవ్వ క్యాసెట్టులో మాట్లాడి పంపేది. గదిలో ఎనిమిదిమంది మధ్యే వినేవాడు. "సుక్రారం సుట్టి అంటివి గద, సుక్రారమన్న కంటినిండ పండుకో" అని ఆమె ప్రతి క్యాసెట్టులోనూ అనేది. అతను టేపు ఆపి, కాసేపు గోడకి ఆనుకుని, మళ్ళీ ఆన్ చేసేవాడు.

ఒకసారి అడిగాను, "ఎందుకన్నా ఇంత చాకిరీ? అంతా ఎవరిదారిన వాళ్ళు పోయారు కదా" అని.

"ఇడిసిపెడ్దామనే ఉంటది సారు ప్రతి బేస్తారం రాత్రి. సుక్రారం పొద్దుగాల మెలకువైతది. మెలకువైనంక ఏంజేద్దు, పోత" అన్నాడు.

ఎనభై మూడు ఆగస్టు. మా క్యాంపుకి ఆనుకుని ఇంకో కంపెనీ కలప యార్డు ఉండేది. సెంట్రింగు చెక్కలు, ప్లైవుడ్ షీట్లు, ఆకాశమంత గుట్టలు. మధ్యలో రేకుల కంచె, అంతే. అటు సముద్రం మీద గాలి. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేను ఆఫీసులో ఉన్నాను. పట్టా మీద సుత్తి దెబ్బలు వినిపించాయి. మొదట ఎవరో రేకు కొడుతున్నారనుకున్నాను. అన్నేళ్ళలో ఆ గంట మోగగా వినడం మర్చిపోయాం.

బయటికొస్తే కంచె అవతల గుట్ట పైదాకా మంట. గాలి మా వైపే. కంచెకి దగ్గరగా ఉన్నవి ఒకటి, రెండు, మూడు వరసలు. ఆ మూడూ రాత్రి షిఫ్టువాళ్ళవి. అప్పటికి కిటికీల్లో ఏసీలు వచ్చాయి. తలుపులు బిగించుకుని, ఏసీ మోతలో, రెండు వందలమంది చచ్చినట్టు నిద్రపోతున్నారు.

క్యాంపులో ఉన్న రిజిస్టరు మనుషులు నేను కాక ఇద్దరే, హన్మాండ్లు, జానీ బాషా. జానీ బాషా అప్పుడే నీళ్ళు తెచ్చాడు, ఇంకా ట్యాంకులో పొయ్యలేదు. హన్మాండ్లు పంపుని లారీకి తగిలించేశాడు. సనావుల్లా సాబ్ లుంగీ మీదే పరిగెత్తుకొచ్చాడు. అప్పటికే యాభై దాటిన మనిషి, పొట్ట, ఆయాసం.

"క్యా కర్నా హై, బోల్" అన్నాడు హన్మాండ్లుతో. ఏం చెయ్యాలో చెప్పమని బాసు అతన్ని అడగడం అదే మొదలు.

"ఆప్ ఏక్ పైప్ పకడో సాబ్. జానీ, నువ్వొకటి. మంట మీద కొట్టకుండ్రి, అది ఆరది. మన గోడలు తడుపుండ్రి. అంజి సారు, తలుపులు కొట్టు. కొడితే లెవ్వకుంటె పలగ్గొట్టు."

నేను వెళ్ళాను. మెస్సు వంటవాళ్ళు ఇద్దరు నా వెనక వచ్చారు. కొన్ని తలుపులు గట్టిగా కొడితే తెరుచుకున్నాయి. కొన్ని కాళ్ళతో తన్నాం. నిద్రలోంచి లేచినవాళ్ళకి ఏం జరుగుతుందో అర్థం కాదు, కొందరు మళ్ళీ లోపలికెళ్ళి పెట్టెలు తెచ్చుకోబోయారు. పట్టుకుని లాగాం. రెండో వరసలో ఓ గది కప్పు అంచు పొగలెత్తుతోంది. ఇంతలో నీళ్ళధార వచ్చి దాన్ని కొట్టింది. తిరిగి చూస్తే సనావుల్లా సాబ్ నాజిలు చంకలో ఇరికించుకుని, కాళ్ళు వెడల్పు చేసి నిలబడి ఉన్నాడు. గొట్టం అతన్ని అటూ ఇటూ ఊపేస్తోంది.

ట్యాంకరు నీళ్ళు పది నిమిషాల్లో అయిపోయాయి. తాగేనీళ్ళ ట్యాంకు, ఉప్పునీళ్ళ ట్యాంకు కలిపి ఇంకో పావుగంట. తర్వాత నీళ్ళు లేవు. మంట అలాగే ఉంది.

తొమ్మిదో వరస వెనక మురుగు గుంట ఉండేది. వెయ్యిమంది మరుగుదొడ్లు, స్నానాలు, మెస్సు కడుగునీళ్ళు అన్నీ అందులోకే. పెద్ద చెరువంత. వారానికోసారి బండి వచ్చి తోడుకుపోయేది. హన్మాండ్లు జానీ బాషాతో బండి అటు తిప్పమన్నాడు. గొట్టాలన్నీ ఒకదానికొకటి తగిలిస్తే మూడో వరసదాకా అందాయి. పీల్చే గొట్టం గుంటలో దింపి పంపు తిప్పాడు. రెండు నిమిషాలు నడిచి పంపు ఎండిపోయినట్టు మోత మొదలెట్టింది. జల్లెడకి గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు, వెంట్రుకలు చుట్టుకుపోయాయి. తీసి శుభ్రం చేసి మళ్ళీ దింపాడు. మళ్ళీ రెండు నిమిషాలు.

మూడోసారికి మెస్సులో ఉల్లిగడ్డల బుట్ట ఒకటి తెప్పించి, జల్లెడని అందులో పెట్టి తాడుతో కట్టాడు. పెట్రోలు చూసుకోమని పంపుని మెస్సులోని మరో వంటమనిషికి అప్పగించాడు. బుట్టని పట్టుకుని తనే గుంటలోకి దిగాడు. ఛాతీదాకా వచ్చింది. ఒక చేత్తో బుట్టని నీళ్ళ మధ్యలో పట్టుకుని, రెండో చేత్తో చుట్టూ చేరేది తీసి విసిరేస్తూ నిలబడ్డాడు.

ఈసారి పంపు ఆగలేదు.

గంటకి పైన అలాగే నిలబడ్డాడు. నేను మధ్యలో ఒకసారి అటు పరిగెత్తాను, ఇంకో గొట్టం ఉందేమో అడగడానికి. ఎండ నడినెత్తిన ఉంది. ముఖం నల్లగా, కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. "అందరెళ్లిన్రా" అని అడిగాడు. ఇంకా చూస్తున్నామన్నాను. "సూడుండ్రి. మూలకు పన్నోడు ఒకడుంటడు ఎప్పటికి" అన్నాడు. నిజంగానే ఉన్నాడు. మూడో వరస చివరి గదిలో, మంచం కింద, చల్లగా ఉంటుందని పడుకున్నవాడు. వంటమనిషీ నేనూ కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చాం.

ప్రభుత్వం ఫైరింజన్లు రెండు వచ్చాయి. వాళ్ళు రాగానే పని తేలికైంది. వాళ్ళకి తెలిసిన పని అది. అవతల యార్డు మొత్తం పోయింది. మాకు మొదటి వరసలో నాలుగు గదులు, రెండో వరసలో కొన్ని కప్పులు పోయాయి. మనిషి ఒక్కడూ పోలేదు.

నేను గుంట దగ్గరికెళ్ళి "ఖలాస్ అన్నా, పైకి రా" అన్నాను. అతను వెంటనే కదల్లేదు. బుట్ట వదలడానికి వేళ్ళు రాలేదు. నేనూ జానీ బాషా రెండు చేతులూ పట్టి లాగాం.

క్యాంపులో చుక్క నీళ్ళు లేవు. మేం ఖాళీ చేసింది ఆ నీళ్ళనే. జానీ బాషా ట్యాంకరు తీసుకుని వెళ్ళి తిరిగొచ్చేదాకా అతను షెడ్డు నీడలో, ఒళ్ళంతా ఆ మురుగు ఎండి పెచ్చులు కడుతుంటే, కూర్చున్నాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. వాసన అలాంటిది. నేను ఓ పక్కగా కూర్చున్నాను.

"ఎట్లుండె సారు మంట? నేను సూడనే లే" అన్నాడు.

చెప్పాను. వింటూ వింటూ కళ్ళు మూసుకున్నాడు. నేను ఆగలేక అడిగాను, ఇప్పుడైనా మనసుకి కాస్త కుదుటపడిందా అని.

కళ్ళు తెరవకుండానే అన్నాడు. "ఆనాడు తాళంచెయ్యి నా నడుముకుండె. గిప్పుడు పంపు నడిసింది. ఒకదానికొకటి సాటి ఎట్లయితది సారు. గీళ్లు బతికిన్రు, మంచిగైంది. పోశయ్య పోశయ్యనే."

మర్నాడు పెద్ద ఆఫీసు నుంచి ముదీర్, అంటే మేనేజరు, వచ్చాడు. పంపు ముందు నిలబెట్టి ఫోటో తీశారు. సనావుల్లా సాబ్, జానీ బాషా, నేను, వంటవాళ్ళు ఉన్నాం. హన్మాండ్లు లేడు, జ్వరం. కాళ్ళకీ తొడలకీ పుళ్ళు లేచాయి. గదిలోవాళ్ళు మూడు రోజులు బయట పడుకోమన్నారు. అతను బాధపడలేదు గాని, వాళ్ళని చూస్తే నాకే కోపం వచ్చింది. నెల తర్వాత అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి. అతనిదాన్లో పేరు హనుమంత్ లాల్ అని పడింది. నేను మార్పిస్తానన్నాను. "ఉండనీ సారు, నాకు సదువస్తదా ఏంది" అన్నాడు.

సనావుల్లా సాబ్ మాత్రం ఒక రోజు సాయంత్రం షెడ్డుకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. చాలాసేపు పంపు చుట్టూ తిరిగి, "తాలా మైనే డల్వాయా థా, హన్మాండ్లు" అన్నాడు. ఆ తాళం వేయించింది నేనే, అని. అతను గ్రీసు పెడుతూనే "మాలూమ్ సాబ్" అన్నాడు. నేను కూడా ఆ పూటే చెప్పాలనుకున్నాను, రిపోర్టు రాసింది నేనేనని. సాబ్ వెళ్ళాక చెప్పాను.

"ఎరుకే" అన్నాడు. "టైపు మిషిన్ ఇంకెవలికస్తది ఈడ."

పుళ్ళు మానాయి గాని మోకాళ్ళ కింద చర్మం నల్లగా మందంగా అయిపోయింది. ఎండాకాలం దురద. ఆ కాళ్ళతోనే ఇంకో రెండేళ్ళు శుక్రవారాలు చేశాడు. మంట జరిగిన కొత్తలో షెడ్డు దగ్గరికి ఇరవై, ముప్ఫైమంది వచ్చేవారు. చలికాలం వచ్చేసరికి మళ్ళీ ముగ్గురు.

ఎనభై అయిదులో మాకు దగ్గర్లోనే ప్రభుత్వం కొత్త ఫైర్ స్టేషను తెరిచింది. ఏడు నిమిషాల్లో వస్తారు. క్యాంపు బృందాలు ఇక అక్కర్లేదని సర్క్యులరు వచ్చింది. నేనే చదివి చెప్పాను. "మల్ల పంపేమైతది" అన్నాడు. అబూదాబి దగ్గర మా కంపెనీదే ఇంకో క్యాంపు, ఎడారి లోపల. అక్కడికి పంపుతున్నారని చెప్పాను.

తీసుకెళ్ళడానికి వచ్చినవాడు మీరా హుస్సేన్, కడప మనిషి, అక్కడి ప్లంబరు. హన్మాండ్లు అతనికి ఒక పూటంతా నేర్పాడు. పెట్రోలు, నూనె, బిగువు, వాల్వు, హ్యాండిలు. బొటనవేలు హ్యాండిలు చుట్టూ వెయ్యొద్దని, వేస్తే విరుగుతుందని, తన వంకర వేలు చూపించాడు. సైకిలు ట్యూబులు చుట్టిన గొట్టం చూపించాడు. మీరా హుస్సేన్ శ్రద్ధగా విన్నాడు.

"ఎన్నేండ్లు చేస్తివన్నా దీన్ని?"

"ఎనిమిదేండ్లు."

"ఎన్ని మంటలార్పితిరి?"

హన్మాండ్లు ఆలోచించాడు. "పెద్దది ఒక్కటే. చిన్నయి పది పన్నెండు."

"అంతేనా? మిగతా దినాలంతా ఏం జేస్తాంటిరి మరి?"

"తుడుసుడే" అన్నాడు.

లారీ పంపుని లాక్కుని వెళ్ళిపోయింది. అతను కాసేపు ఖాళీ షెడ్డులో నిలబడి, నేల ఊడ్చి, తలుపు దగ్గరికి వేశాడు.

ఆ వచ్చిన శుక్రవారం జానీ బాషా, నేను అతన్ని బలవంతాన బర్ దుబాయ్ తీసుకెళ్ళాం. ఇన్నేళ్ళలో అతను అక్కడికి నాలుగైదుసార్ల కంటే ఎక్కువ వెళ్ళి ఉండడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బస్సు కదలగానే కిటికీకి తలానించి నిద్రపోయాడు. దిగాక బట్టల కొట్ల మధ్య కాసేపు తిప్పాం. ప్రతి దానికీ "మంచిగున్నది" అన్నాడు. మధ్యాహ్నానికి జానీ బాషా బంధువుల గదికి చేరాం. మూడో అంతస్తు, ఒకే గదిలో పదిమంది. చేపల పులుసు చేస్తున్నారు. అన్నం ఉడికేలోపు కాస్త నడుం వాల్చమన్నారు. గోడవారగా ఓ చాప మీద పడుకున్నాడు.

అన్నాలకి లేపబోతే జానీ బాషా వద్దన్నాడు. "పడుకోనీండి సార్. మిగిల్చి పెడదాం" అన్నాడు. ఆ ఇంటివాళ్ళు పేకాట కోసం వరండాలోకి జరిగారు. రేడియో కట్టేశారు. నేను తలుపు దగ్గర కూర్చుని ఉత్తరం రాసుకున్నాను. అతను ఒక్కసారి కూడా పక్కకి తిరగలేదు. నోరు కాస్త తెరుచుకుని, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, అయిదు గంటలు పడుకున్నాడు.

ఆఖరి బస్సు వేళయింది. జానీ బాషా భుజం మీద తట్టాడు. హన్మాండ్లు లేచి కూర్చుని, ఎక్కడున్నాడో తెలియనట్టు గది చుట్టూ చూశాడు. కిటికీ బయట వెలుతురు తగ్గింది.

"గింత జల్ది పొద్దువోయిందా" అన్నాడు.

పళ్ళెంలో పెట్టిన అన్నం నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు. చెయ్యి కడుక్కుని చెప్పులేసుకున్నాడు. మర్నాడు నాలుగున్నరకి బస్సు ఉంది. ఏడాది తర్వాత రేవు పని తగ్గి హన్మాండ్లు వీసా, నా వీసా ఒకే నెలలో అయిపోయాయి, ఇళ్ళకెళ్ళిపోయాం. ఆ సాయంత్రం మాత్రం ముగ్గురం మెట్లు దిగి, జనం మధ్యలోంచి, బస్సు ఆగేచోటుకి నెమ్మదిగా నడిచాం.